బుర్కాపాల్ చూశాక కూడా ఇంకా కఠిన చట్టమేనా?

ఎక్కడ దారుణ హత్య జరిగినా ఫోన్ నిండా ఒకటే మాట: ఉరి తీయండి, పెరోల్ ఎత్తేయండి. చంపినోడికి శిక్ష పడాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ న్యాయం ఆగింది చట్టం చాలకనా?

యావజ్జీవం అంటే 14 ఏళ్లే అనుకుంటారు చాలామంది. కాదు, ప్రాణం ఉన్నంతకాలం. హత్యకు యావజ్జీవం పడితే 14 ఏళ్లు నిండకుండా శిక్ష తగ్గించి వదలకూడదని 1978 నుంచే చట్టం ఉంది. నిండాక కూడా విడుదల హక్కు కాదు. ఇంకెంత బిగిస్తారు?

శబరి అవతల మన చుట్టాల ఊళ్లు చూడండి. 2017 ఏప్రిల్‌లో సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. చుట్టుపక్కల ఆదివాసీలను పట్టుకుపోయారు. 2022 జులైలో కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. జైల్లో పోయిన ఏళ్లు ఎవరిస్తారు?

అదే బస్తర్‌లో సార్కేగూడ. 2012 జూన్‌లో బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషనే చెప్పింది. హత్యా చట్టం అప్పుడూ ఉంది కదా, ఎవరికి యావజ్జీవం పడింది?

2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత చదవండి. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీకి బెయిలు ఇవ్వాలంటుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు మాత్రం అది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. మన పిల్లల మీద ఒక్క కేసుతో ఆగిందెప్పుడు? ఇంకో నేరానికి యావజ్జీవం పెట్టారంటే, తీర్పు రాకముందే ఇంకొందరి బెయిలు దారి మూసినట్టే.

బిల్కిస్ బానో కేసులో 11 మందిని వదిలారు కదా అంటారు. నిజమే, సిగ్గుచేటు. కానీ వాళ్లను 2024 జనవరిలో మళ్లీ లోపలికి పంపమన్న సుప్రీంకోర్టుకు కొత్త చట్టం అవసరం రాలేదు. పలుకుబడి ఉన్నోడికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది. మనం ఆస్తి జామీను చూపించాలన్నా చేతిలో ఉండేది అటవీ హక్కుల పట్టా. అమ్మడానికి వీల్లేని ఆ పట్టాను పూచీగా ఎవరు తీసుకుంటారు?

అందుకే మన డిమాండ్లు వేరు. మొదటి రోజు నుంచే కోయ, గోండి తెలిసిన దుబాసీ కావాలి. విచారణకు గడువు కావాలి. నిర్దోషిగా తేలినోళ్లకు పరిహారం కావాలి. ఎవరిని విడుదల చేసినా, చేయకపోయినా కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఇవి ఇచ్చాక శిక్షల గురించి మాట్లాడండి, మేమూ కూర్చుంటాం.

జై ఆదివాసీ!