తేదీ చెప్పండి, ఆ తేదీ మీద నిలబడండి

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్ గారికి, సభ్యులకు,
ప్రతిభా భవన్, నాంపల్లి, హైదరాబాద్.



ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ లేఖ పేపర్ల లీకేజీ గురించి కాదు, మూల్యాంకనం గురించీ కాదు. వాటి మీద కోర్టుల్లో కావలసినంత వాదన జరిగింది. మీరు పెట్టే పరీక్షలు రాసేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఉద్యోగం రాదు. వాళ్ల గురించి రాస్తున్నాను. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలు పేపర్లో వస్తాయి, వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు.

తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులకు. అంటే రాష్ట్రం ఏర్పడ్డ ఎనిమిదేళ్లకు. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఊరేగింపుల్లో గొంతు చించుకున్న పిల్లల్లో చాలామందికి అప్పటికి ముప్పై వచ్చేసింది. వాళ్లను పక్కన పెట్టి, ఆ ఏడాదే డిగ్రీ ముగించి ఇరవై ఒకటో ఏట దరఖాస్తు పెట్టిన అమ్మాయిని తీసుకోండి. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాసింది. మరుసటి మార్చిలో, పేపర్ లీకైందని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ రాసింది. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. 2025 సెప్టెంబర్ 9న సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాను కొట్టేశారు. డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేశాక, ఆ నెలాఖరులో నియామక పత్రాలు ఇచ్చారు.

ఆ అమ్మాయి ఎంపికై ఉంటే, పోయిన మూడేళ్లూ వడ్డీతో తిరిగొచ్చినట్టే. కానీ 2024లో దరఖాస్తు చేసినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. దగ్గర దగ్గర ఏడు వందల మందికి ఒక పోస్టు. మిగిలినవాళ్లలో చాలామంది అదే ప్రిలిమ్స్ మూడుసార్లు రాసి, మునుపు ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు, వయసు తప్ప. పక్క రాష్ట్రాన్ని చూసి ఓదార్పు పొందుదామన్నా వీల్లేదు. అక్కడ 2018లో ఇచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ మీద 2024లోనూ హైకోర్టు తీర్పులు వెలువడ్డాయి.

గ్రూప్-2 కథలో కోర్టుల ప్రమేయం ఇంత లేదు. అందుకే అది నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది. 783 పోస్టులకు 2022 డిసెంబర్ చివర నోటిఫికేషన్ ఇచ్చారు. ఐదున్నర లక్షల మంది దరఖాస్తు పెట్టారు. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. తర్వాత నవంబర్ అన్నారు. అది పోయి 2024 జనవరి, అదీ పోయి ఆగస్టు. చివరికి డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. వీటిలో కొన్ని వాయిదాలు అభ్యర్థులే అడిగారని మీరంటారు. నిజమే, రోడ్డెక్కి మరీ అడిగారు. రెండు పెద్ద పరీక్షలు ఒకదాని మీద ఒకటి పడేలా తేదీలు వేస్తే వాయిదా అడగక ఏం చేస్తారు?

వాయిదా పడితే చదువుకోవడానికి ఇంకొంచెం టైం దొరుకుతుంది కదా అని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. కరెంట్ అఫైర్స్ అనే సబ్జెక్టు సంగతి వాళ్లకు తెలియదు. పరీక్ష ఏడాది వెనక్కి జరిగిందంటే నిరుడు బట్టీ పట్టిన అవార్డులు, నియామకాలు, శిఖరాగ్ర సమావేశాలు అన్నీ చెత్తబుట్టలోకి పోతాయి, మళ్లీ మొదటి నెల మ్యాగజైన్ కొనాలి. హాస్టల్ అద్దె మాత్రం ఏ నెలకానెల కట్టాల్సిందే.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. పోటీ ఎక్కువ కావడం వల్ల మా పిల్లల జీవితాలు ఆగిపోవడం లేదు. తేదీ తెలియకపోవడం వల్ల ఆగిపోతున్నాయి. పరీక్ష ఫలానా ఆదివారం అని ఏడాది ముందు తెలిస్తే మనిషి ఒక ఉద్యోగం చేసుకుంటూ చదవగలడు. సెలవులు దాచుకుంటాడు, ఆఖరి రెండు నెలలు గట్టిగా కూర్చుంటాడు, రాస్తాడు. వస్తే వచ్చింది, లేకపోతే సోమవారం పనికి పోతాడు. తేదీ తెలియనివాడు అట్లా చేయలేడు. రేపే నోటిఫికేషన్ పడొచ్చు, నలభై రోజుల్లో హాల్ టికెట్ రావొచ్చు. అందుకని ఉన్న పని మానేసి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకుని, అశోక్‌నగర్‌లో ఒక మంచం అద్దెకు తీసుకుని సిద్ధంగా ఉంటాడు. ఆ సిద్ధంగా ఉండటమే ఐదేళ్లవుతుంది.

హన్మకొండలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర జీఎస్టీ రిటర్నులు వేసే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా చదువుకుని ఆఫీసుకు పోతాడు. నెలలో పదకొండో తేదీ, ఇరవయ్యో తేదీ దగ్గర పడ్డాయంటే వాళ్ల ఆఫీసులో ఊపిరాడదు. గ్రూప్-2 కోసం ముందుగానే అడిగి సెలవు పెట్టుకున్నాడు, పరీక్ష వాయిదా పడింది. మళ్లీ అడిగాడు, మళ్లీ వాయిదా. మూడోసారి ఓనర్ “ముందు పరీక్ష కానియ్ రా, తర్వాత అడుగుదువు సెలవు” అన్నాడట. వీడు గట్టివాడు కాబట్టి పని వదల్లేదు. వీడితో పాటు చదివినవాళ్లు వదిలేశారు. వాళ్లను తప్పు పట్టలేను, మీ పద్ధతి వాళ్లను అటే నెట్టింది.

పని వదిలేస్తే పోయేది జీతం ఒక్కటే అనుకుంటాం. ఏదో ఒక పని పట్టుకున్నవాడికి దాని వెంట చాలా వస్తాయి. తన పేరు మీద అద్దె ఇల్లు, పీఎఫ్ ఖాతా, పై అధికారితో పేచీ, నెలాఖరు చేబదులు, కూర మాడగొట్టుకుని నేర్చుకున్న వంట, చెల్లె పెండ్లికి నేనూ ఇంత పెట్టానన్న ధీమా. తను చేసిన పనికి ఎవరో మెచ్చుకోవడం, అదే పని చెడగొట్టి తిట్లు తినడం. డిగ్రీ అయిన ఏడెనిమిదేళ్లలో మనిషి ఇవన్నీ చూడాలి. మా కాలేజీ వీటిని నేర్పలేదు, ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. ప్రిపరేషన్‌లో ఉన్న పిల్లవాడు ఇరవై ఎనిమిదో ఏట కూడా నాయిన పంపే డబ్బుల మీద బతుకుతూ, పండక్కి ఊరికి పోవాలంటే జంకుతాడు. ఊళ్లో దిగగానే మొదటి మనిషి అడిగేది “ఏమాయె మీ నోటిఫికేషన్?” అనే కదా. ఆ ప్రశ్నకు మీ దగ్గరే జవాబు లేనప్పుడు వాడి దగ్గర ఎక్కడుంటుంది?

ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పాలి. ఇంట్లో కొడుక్కిచ్చే గడువు వేరు, బిడ్డకిచ్చే గడువు వేరు. కొడుకు ఐదేళ్లు చదివినా “చదవనీ” అంటారు. బిడ్డతో మాత్రం ముందే ఒప్పందం: “రెండేండ్లు చూస్తం, తర్వాత మా మాట వినాలె.” 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ చూసి, ఆ మాటకు ఒప్పుకుని బస్సెక్కిన అమ్మాయికి 2024 డిసెంబర్‌తో గడువు తీరింది. గ్రూప్-2 పరీక్ష మొదలైంది అప్పుడే. నాలుగు తేదీలు మారడం మీకు నాలుగు వెబ్ నోట్లు, ఆ పిల్లకు ఇంట్లో నాలుగు పంచాయతీలు. వాయిదా అందరికీ ఒకేలా తగలదు. ఎవరి చేతిలో టైం తక్కువ ఉందో వాళ్లకు ఎక్కువ తగులుతుంది.

ఆలస్యానికి ప్రభుత్వం ఇచ్చిన పరిహారం వయోపరిమితి పెంపు. 2024 ఫిబ్రవరిలో గరిష్ఠ వయసును 44 నుంచి 46 చేశారు. అది మీ నిర్ణయం కాదని తెలుసు. అభ్యర్థులు సంతోషించారని కూడా తెలుసు. నాకు మాత్రం ఆ జీవో చదివితే భయం వేసింది. మేం రెండేళ్లు ఆలస్యం చేశాం కాబట్టి మీరు ఇంకో రెండేళ్లు ఎదురుచూడొచ్చు అన్నట్టుంది. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్‌లో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు, అక్కడితో సరి. అది కఠినమే. కాని ఎప్పుడు లేచి వెళ్లిపోవాలో రాసేవాడికి మొదటి రోజే తెలుసు. ఇక్కడ కూడా ప్రయత్నాలకు పరిమితి పెట్టాలని నేనంటే నా పాత విద్యార్థులే నన్ను తిడతారు, తిట్టాలి కూడా. ముందు మీరు నాలుగైదేళ్లు వరసగా ఏటా పరీక్ష జరిపి చూపించండి. ఆ తర్వాతే వాళ్లను పరిమితి గురించి అడిగే హక్కు ఎవరికైనా ఉంటుంది.

ఖాళీల లెక్క ప్రభుత్వం పంపాలి, రోస్టర్ తేలాలి, కోర్టు స్టే ఇవ్వకూడదు, మా చేతిలో ఏముంది అంటారేమో. 2024 ఆగస్టు 2న శాసనసభలో జాబ్ క్యాలెండర్ పెట్టారు. అందులో గ్రూప్-1 కొత్త నోటిఫికేషన్ అక్టోబర్‌లో అని ఉంది. అంతకు ముందు రోజే సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ తీర్పు ఇచ్చింది, అది తేలేదాకా నోటిఫికేషన్లు ఆగాయి. కారణం న్యాయమైనదే, ఆ న్యాయం కోసం మూడు దశాబ్దాలు కొట్లాడినవాళ్లున్నారు. అయితే యూపీఎస్సీ వాళ్లు ఏడాది ముందు క్యాలెండర్ వేసేనాటికి పోస్టుల సంఖ్య వాళ్లకూ తెలియదు. ఆ కాగితంలో ఉండేవి తేదీలే. పోస్టులు నోటిఫికేషన్ నాటికి తేలతాయి. 2024లో లోక్‌సభ ఎన్నికలు అడ్డొస్తే సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌ను మే 26 నుంచి జూన్ 16కు జరిపారు, మూడు వారాలు. జరిపిన రోజే కొత్త తేదీ చెప్పారు. ఏటా వచ్చే పరీక్ష కాబట్టి పోస్టులు తక్కువున్న ఏడాది మానేసి మరుసటి ఏడాది రాద్దామని అభ్యర్థి నిర్ణయించుకోగలడు. ఏడాది ముందే తేదీలు చెప్పి వాటి మీద నిలబడటం అనే ఈ ఒక్క పని మీరు చేసినా అశోక్‌నగర్‌లో సగం మంచాలు ఖాళీ అవుతాయని నా నమ్మకం. హాస్టల్ ఓనర్లు నన్ను క్షమించాలి.

రెండో విన్నపం చిన్నది. యూపీఎస్సీ 2018లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. చివరిదాకా వచ్చి ఎంపిక కాని అభ్యర్థులు ఒప్పుకుంటే వాళ్ల వివరాలు ఇతర సంస్థలకు అందుబాటులో ఉంచుతుంది. ఇప్పుడు దాన్ని ప్రతిభా సేతు అంటున్నారు. మీ భవనం పేరులోనూ ప్రతిభ ఉంది, ఆ సేతువు ఒకటి ఇక్కడా కట్టొచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఆరు పేపర్లు, అర్హత కోసం ఇంగ్లీషు ఒకటి. 2024లో దాదాపు 21 వేల మంది ఆ వారమంతా కూర్చుని రాశారు. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ మీద, చట్టాల మీద, లెక్కల పట్టికల మీద చేత్తో పేజీలకు పేజీలు రాయగలిగిన వాళ్లు వాళ్లు. సహకార బ్యాంకులకు, పత్రికలకు, స్వచ్ఛంద సంస్థలకు, కంపెనీల ఆఫీసులకు ఇటువంటి మనుషులే కావాలి. ఇంటర్వ్యూకు పోయినప్పుడు “డిగ్రీ తర్వాత ఈ నాలుగేళ్లు ఏం చేశావు?” అని అడిగితే ఆ పిల్లవాడు చూపించడానికి మీ సంతకంతో మార్కుల పత్రం ఒకటి ఉండాలి. వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే కనిపించే అంకెను హెచ్ఆర్ మేనేజర్ పట్టించుకోడు.

మూడోది అడగొచ్చో లేదో తెలియదు. గ్రూప్-2 పరీక్ష జరిగిన రోజు దరఖాస్తుదారుల్లో సగానికి పైగా రాలేదు. హాజరు శాతం ప్రకటించి ఊరుకున్నారు. ఆ రెండేళ్లలో వాళ్లు ఏమయ్యారు? కొందరికి గ్రూప్-4లోనో టీచర్ పోస్టుల్లోనో ఉద్యోగం వచ్చి ఉంటుంది. కొందరికి పెండ్లయి ఉంటుంది. కొందరు బెంగళూరు పోయి ఉంటారు, కొందరు ఊళ్లో మీ సేవ కేంద్రమో పాల కేంద్రమో పెట్టుకుని బాగానే ఉండి ఉంటారు, కొందరు గదిలోనే ఉండి కూడా వచ్చి ఉండరు. ఈ చివరివాళ్లు ఎంతమందో ఎవరూ లెక్క పెట్టలేదు. వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌లో ప్రతి ఒక్కరి పుట్టిన తేదీ, డిగ్రీ పాసైన సంవత్సరం, ఫోన్ నంబరు మీ దగ్గరున్నాయి. రాని వాళ్లలో ఒక వెయ్యి మందికి ఫోన్ చేయించండి. ఏ యూనివర్సిటీ సోషియాలజీ విభాగానికి చెప్పినా పిల్లలతో చేయిస్తారు. పేర్లు తీసేసి, వచ్చిన జవాబులను తదుపరి నోటిఫికేషన్‌తో పాటే మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. దరఖాస్తు ఫీజు కట్టే ముందు కొత్తగా డిగ్రీ అయిన పిల్లలు వాటిని చదువుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత డిగ్రీ లెక్చరర్,
వరంగల్