పిక్కలోని చిరుగు, మేనరికపు చిక్కు

బేతంచెర్ల గనిలో నాపబండ నెత్తి దింపు కూలివాని బాహువులలోను, నల్లమల కనుమ దిగు కాపరి పిక్కలలోను, కండరకణములను చుట్టియున్న పలుచని పొర పలుతావుల చిరుగుచునే యుండును. ఐనను వారు మరునాడు పనికి పోగలుగుచున్నారన్నచో, అది కాల్షియము చలువ. కణము వెలుపల నీ ఖనిజము లోపలికంటె సుమారు పదివేల రెట్లధికము. పొర చిరిగిన తత్క్షణమే లోనికి చొచ్చును. మితిమీరినచో కణమును చంపగల యా ప్రవాహమే, గాయపు వార్తను మోసికొనివచ్చి, లోనున్న సూక్ష్మకోశములను చిరుగు కడకు రప్పించి, పొరతో నేకముచేసి, కొలది క్షణములలో మాసిక వేయించుచున్నది. కాల్షియము లేని ద్రవములో గాయపడిన కణము మూసికొనజాలదు.

కండరమున నీ పనికి డిస్ఫెర్లిన్ అను మాంసకృత్తు తోడుకావలెను. దాని జన్యువు 1998లో బయల్పడెను. అది లోపించిన యెలుకల కండరములలో, కాల్షియ మెంత వచ్చినను మాసిక పడదని 2003లో తేలెను. అట్టి లోపముతో పుట్టిన బిడ్డ బాల్యమంతయు చక్కగా పరుగెత్తి, ఇరువదియేండ్ల ప్రాయమున మునివ్రేళ్లపై నిలువలేక, పిదప మెట్లెక్కలేక, తుదకు చక్రములకుర్చీ పాలగును. తల్లిదండ్రు లిరువురును లోపమును మోయుచున్నపుడే యీ కండరక్షీణత వ్యాధి సంక్రమించును గనుక, మేనమామకు పిల్లనిచ్చు ఆచార మింకను నిలిచియున్న మన సీమకు ఇది పరాయి సంగతి కాదు.

నన్ను మిక్కిలి కలచివేయునది రోగనిర్ణయమున జరుగు పొరపాటు. పరీక్షకై కోసిన కండముక్కలో వాపుకణములు కనబడుటచే, దీనిని కండరముల వాపని భ్రమించి స్టెరాయిడ్లిచ్చుట కద్దు. 2013లో వెలువడిన జర్మనీ పరీక్షలో నవి మేలుచేయకపోగా బలమును సన్నగిలజేయు సూచనయే కానవచ్చెను. కండను కోయకయే యీ మాంసకృత్తు లోపమును రక్తములోని మోనోసైట్లనెడి తెల్లకణములలో కనుగొనవచ్చును. కావున రోగిని హైదరాబాదు, బెంగుళూరులకు త్రిప్పుటకంటె, కర్నూలు వైద్యకళాశాల ఆసుపత్రిలోను, కడప ప్రభుత్వాసుపత్రిలోను రక్తమును సేకరించి పరీక్షకు పంపుటయే న్యాయము. ప్రభుత్వము 2024లో తీవ్ర కండరక్షీణత గలవారి పింఛనును నెలకు 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచెను, మెచ్చదగిన కార్యమే. ఐతే ఆ సొమ్ము నడక పోయినవానికి. వాని చెల్లెలికి మేనమామతో లగ్నము పెట్టుకొనకముందే, ఇరువురి రక్తమును పరీక్షించి ఆ యింటివారితో కూర్చుండి మాటలాడు సలహాదారును ఈ రెండాసుపత్రులలో నియమింపవలెను.