సర్వర్ స్వదేశీ అయితే సరిపోతుందా?

ఐరోపా సమాఖ్య ఆంక్షలను కారణంగా చూపి 2025 జూలైలో నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసింది. గుజరాత్‌లో చమురు శుద్ధి చేసే ఆ సంస్థ తన ఈ-మెయిళ్ల కోసం ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. సేవలు తిరిగి అందినా భయం మిగిలిపోయింది. చిప్‌లపై అమెరికా, అరుదైన ఖనిజాలపై చైనా పట్టు బిగిస్తున్న కాలంలో మన సమాచారం మన చేతిలోనే ఉండాలన్న వాదన న్యాయమైనదే. అయితే ఆ 'మన' అనే మాటలో ఎవరెవరు ఉన్నారన్నదే నా ప్రశ్న.

తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ప్రభుత్వ శాఖల సమాచారాన్ని జతచేసి పథకాలకు అనర్హులెవరో తేలుస్తుంది. దీనిలో విదేశీ హస్తం లేదు. అయినా పేరు పోలిక వల్ల హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడు కాగితంపై కారు యజమాని అయ్యాడు. ఆ కుటుంబానికి రేషన్ కార్డు దక్కలేదు. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తులలో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది.

బోధన్ ప్రాంతవాసిగా నాకిది కొత్తగా తోచదు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు పరమైంది. కొన్నది విదేశీయులు కాదు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించినప్పుడు చెరకు రైతునూ కార్మికునీ అడిగిందెవరు? యాజమాన్యం స్వదేశీ అయినంత మాత్రాన అధికారం ప్రజలది కాదని ఆ మూతపడిన గేట్లు నేటికీ చెబుతున్నాయి.

2024 సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఈ లెక్కలు రాజ్యాధికారంలో వాటా అడగడానికి ఆయుధాలు. అదే సమాచారం కోతలకు సాధనమైతే మొదట దెబ్బతినేదీ ఈ వర్గాలే. పైగా 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కును కుదించింది. రాజ్యం మనలను చూడగలదు. మనం రాజ్యాన్ని చూడలేం.

కార్డు తొలగించే ముందు నోటీసు ఇవ్వాలి. కారణాన్ని తెలుగులో, ఉర్దూలో రాతపూర్వకంగా తెలపాలి. తొలగింపుల లెక్కలను కులాలవారీగా ప్రకటించి గ్రామసభ ముందుంచాలి. అమెరికా, చైనాలను మనం అడుగుతున్న జవాబుదారీతనాన్నే వ్యవసాయ కూలీ హైదరాబాద్ సచివాలయాన్ని అడుగుతున్నాడు. అది దక్కనంత వరకు డిజిటల్ సార్వభౌమత్వం పాలకులది మాత్రమే.