మూడో ప్రమాద హెచ్చరిక తర్వాత

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75కి మూడోది. ఆనకట్టను ఆనుకునే ఉన్న ఆత్రేయపురం మండలంలో, ముఖ్యంగా బొబ్బర్లంక, పిచ్చుకలంక వైపు, ఈ లెక్కలు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే మూడో హెచ్చరిక వచ్చాక ఆడవాళ్ళ సంగతి ఎవరు చూడాలి? ఆ లెక్క మాత్రం ఎక్కడా కనపడదు.

1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఈ రెంటి మధ్యా ప్రభుత్వం ఏమీ చేయలేదనటం అన్యాయం. 2005లో విపత్తుల నిర్వహణ చట్టం చేశారు, 108 వాహనాలు వచ్చాయి, 2006లో జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడింది. పడవలొస్తున్నాయి, భోజనం పొట్లాలొస్తున్నాయి. మనిషిని నీళ్ళలోంచి పైకి తీసే పని యంత్రాంగానికి బాగానే అలవాటయింది. తీసిన మనిషి ఆడదైతే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందన్న ఆలోచనే ఇంకా రాలేదు.

లంకల వాళ్ళు మొండివాళ్ళనీ, ఎంత చెప్పినా కదలరనీ పోలీసులూ రెవెన్యూ వాళ్ళూ విసుక్కుంటుంటారు. ఎందుకు కదలరో అడిగారా? పాడిగేదెని వదిలి వెళ్ళాలి. బడిలో వందమంది మగవాళ్ళ మధ్య తడిబట్టలతో కూర్చోవాలి. మరుగుదొడ్డికి గడియ ఉండదు, వెళ్ళే దారిలో దీపం ఉండదు. నెలసరి వచ్చిన పిల్ల ఎవరిని అడుగుతుంది? ఇవన్నీ బేరీజు వేసుకునే ఆమె ఇంటి గడప దాటదు. అది మొండితనం కాదు, లెక్క. సహాయ శిబిరాల్లో వసతి, తిండి, నీరు, వైద్యం, పారిశుధ్యం కనీసం ఇంత ఉండాలని నిర్ణయించమనీ, వితంతువులకూ అనాథలకూ ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యమనీ 2005లో చేసినప్పుడే ఆ చట్టం 12వ సెక్షన్ చెప్పింది. అంటే మనం అడిగేది దయాధర్మం కాదు.

ఇక పరిహారం. 2022లో కుటుంబానికి 2,000 రూపాయలన్నారు. కుటుంబం అంటే ఎవరు? మొగుడు వదిలేస్తే పుట్టింటి పంచన చేరి, అన్న కార్డులో పేరుగా మిగిలిన ఆమె ఏ కుటుంబం? పొలానికి పట్టా ఉంటే పంట నష్టం రాస్తారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. పొయ్యి ముందు కూర్చుని, బోర్లించిన కుండ మీద గుడ్డతో పలచటి పిండి పరిచి ఆ రేకు తీసేది ఆడవాళ్ళు. పొయ్యి తడిసి, కొబ్బరాకులు నాని పోయిన రోజుల కూలి ఏ రిజిస్టర్లో రాస్తారు? (గుర్తింపు రేకుకి వచ్చింది గానీ చేతికి రాలేదు మరి.)

జాతీయ దళంలో స్త్రీల బృందం మొదటిసారి విధుల్లోకి దిగింది 2021లో, అంటే దళం పుట్టిన పదిహేనేళ్ళకి. ఊళ్ళో ఎవరికి నెలలు నిండాయో, ఏ ముసలామె నడవలేదో తెలిసింది మాత్రం ఆశా కార్యకర్తకీ అంగన్‌వాడీ టీచరుకీ. వరదలో అందరికంటే ముందు పరుగెత్తేదీ వాళ్ళే. వాళ్ళకో లైఫ్ జాకెట్టూ, ఆ రోజులకి అదనపు భత్యమూ ఇవ్వమని అడుగుదాం.

గోదావరి పొంగేది జూలై, ఆగస్టుల్లో. అంతకుముందే గ్రామసభకి వెళ్ళి, మన ఊరి శిబిరం ఏ బడిలో పెడతారో, దాని మరుగుదొడ్లకి గడియలున్నాయో లేదో, రాత్రి కాపలాకి మహిళా కానిస్టేబుల్‌ని ఎవరు పంపుతారో తీర్మానంలో రాయించాలి. రాసిన కాగితం నకలు తెచ్చుకోవటం మరిచిపోవద్దు.