అటక మీది ఆంప్లిఫయరు

సొంతంగా సోల్డరింగు చేసుకొన్న స్టీరియో ఆంప్లిఫయర్లు మన కర్నూలు, కడప జిల్లాల పాత మిద్దెలలో అక్కడక్కడ ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. సెలవులకు వచ్చిన పిల్లలు దానిని దించి, దుమ్ము తుడిచి, వెంటనే ప్లగ్గు పెట్టబోతారు. మాకు భయం అక్కడే. గనుక ఈ నెల దానిని గూర్చి వ్రాస్తున్నాము.

ఇంగ్లండులో 1960లలో ఈ సరదా బాగా సాగింది. క్లైవ్ సింక్లెయిర్ 1961లో స్థాపించిన సింక్లెయిర్ రేడియానిక్స్ విడిభాగాలను పొట్లం కట్టి పోస్టులో పంపేది; కొన్నవారు ఇంట్లో కూర్చుని అతుకుకొనేవారు. 1964లో వారి ఎక్స్-10 వచ్చింది. ట్రాన్సిస్టరును సెకనుకు వేలసార్లు వేసి ఆర్పుతూ ధ్వని పెంచే పద్ధతి అది. ఆనాటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేక సరిగా పలకలేదు గాని, నేడు అరచేతిలో ఇమిడే చిన్న బోర్డులు పనిచేసేది ఆ పద్ధతిలోనే. 1969 ఏప్రిల్‌లో జాన్ లిన్స్లీ హుడ్ అనే ఇంజనీరు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఒక్కొక్క వైపుకు నాలుగే ట్రాన్సిస్టర్లతో 10 వాట్ల ఆంప్లిఫయరు పటం ప్రకటించాడు. నేటికీ దానిని కట్టుకొనేవారున్నారు.

ఆ పొట్లాలు మన అంగళ్ళకు రాలేదు. 1991 దాకా దిగుమతుల మీద కట్టడి గట్టిది. పటాలు మాత్రం వచ్చాయి. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ట్రాన్సిస్టర్లు దొరికేవి. కర్నూలు వారు హైదరాబాదు కోఠికి, కడప వారు రైలెక్కి మద్రాసు రిచీ స్ట్రీటుకు పోయి సరుకు తెచ్చుకొనేవారు. పెట్టె మాత్రం ఊరి రేకు పనివాడు చేసిందే.

చల్లని దేశపు పటం మన ఎండలో ఎట్లుంటుందో చూడండి. లిన్స్లీ హుడ్ ఆంప్లిఫయరు పాట ఉన్నా లేకున్నా 27 వోల్టుల వద్ద దాదాపు 1.2 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. రెండు వైపులా కలిపితే 65 వాట్లు. మౌనంగా ఉన్నప్పుడు అదంతా వేడే. బలమైన ట్రాన్సిస్టరని పేరుబడ్డ 2ఎన్3055నే తీసుకోండి. దాని 115 వాట్ల లెక్క పైతొడుగు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటిది. తొడుగు 100 డిగ్రీలకు చేరితే ఓర్చుకొనేది సుమారు 65 వాట్లే. మే నెలలో మన గదిలోనే నలభై డిగ్రీలుంటే, గోడకు ఆనించి పైన గుడ్డ కప్పిన పెట్టె గతి ఏమిటి? అల్యూమినియం రెక్కలను వెలుపలికి పెట్టి, గాలి ఆడనివ్వాలి. అందానికి కప్పిన ఆ లేసు గుడ్డను ముందు తీసివేయండి.

వేడికి పోయేది పెట్టె. ఎర్తు లేకుంటే పోయేది మనిషి. విదేశం నుండి ఎవరో తెచ్చిన పాత సెట్టయితే రంగును బట్టి తీగ కలపవద్దు. 1970 ప్రాంతం వరకు ఇంగ్లండులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. తరువాత గోధుమ, నీలం, పసుపుపచ్చ-ఆకుపచ్చ చారలు అయ్యాయి. పైగా వారి ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది. దానిని కోసి మన ప్లగ్గు వేస్తే ఆ కాపు పోతుంది. కాబట్టి పెట్టెలో, ట్రాన్స్‌ఫార్మరుకు ముందు, ఒక ఆంపియరు ఫ్యూజు తప్పక వేయించండి. మైకు గొట్టం పెట్టె రేకుతో కలిసి ఉంటుంది. మూడు పిన్నులలో ఒకటి విరిచి రెండు పిన్నులకు దూర్చిన సెట్టులో ఫేజు రేకుకు తగిలిందంటే, కడిగిన బండల మీద వట్టి కాళ్ళతో మైకు పట్టి పాడే బిడ్డ చేతికే వస్తుంది. సంఘపు పెద్దలు ఆదివారం మైకుసెట్టు ప్లగ్గును ఒక్కసారి స్వయంగా చూడాలని కోరుతున్నాము. మూడవ పిన్ను ఉన్నంత మాత్రాన చాలదు. మన సీమ నేల వేసవిలో ఎండి బీటలు వారుతుంది; ఎర్తు గుంట ఎండితే కరెంటును నేల తీసుకోదు. ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంటలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్ళు పోయండి. త్రాగునీటికే కష్టమైన ఊళ్ళలో ఈ మాట చెప్పడం మాకు తెలిసే చెబుతున్నాము. పాత్రలు కడిగిన నీళ్ళయినా పోయవచ్చు.

సెట్టును లేపేటప్పుడు ముందు స్పీకర్లు ఊడదీయండి. ఫేజు తీగకు సీరీస్‌లో 100 వాట్ల పాత తీగ బల్బు పెట్టండి; ఎల్‌ఇడి పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే మేలు. వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, ఆపివేయండి. సాధారణంగా పెద్ద కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, వాటిని మార్చాలి. స్పీకరుకు పోయే దారిలోని కండెన్సరు చెడితే నేరుగా డీసీ పోయి స్పీకరు కాయిలు మాడిపోతుంది. పవర్ ట్రాన్సిస్టరు క్రింది అభ్రకపు రేకు చిరిగిందేమో చూడండి, ఎందుకంటే 2ఎన్3055కు ఇనుప ఒళ్ళే కలెక్టరు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, చేయి పెట్టవద్దు. ఈ పని పెద్దవారు, లేదా ఐ.టి.ఐ. చదివిన వారు దగ్గర ఉన్నప్పుడే చేయాలి. నేర్చుకోగోరు పిల్లలకు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న బోర్డు మేలు.

స్టీరియో సెట్టులో ఒక సౌకర్యముంది. రెండు వైపులా ఒకే సర్క్యూటు గనుక, ఎడమ ప్రక్క మూగబోతే కుడి ప్రక్క ఒక్కొక్క కాలి వద్ద వోల్టులు కొలిచి కాగితం మీద వ్రాసుకొని, ఎడమ ప్రక్క అదే చోట కొలవండి. లెక్క తప్పిన చోటు దొరుకుతుంది. పాత భాగం విప్పే ముందు దాని ముఖం ఎటున్నదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.