మెటియాబ్రుజ్ నౌక - మన కడలి

ఢిల్లీలో చమురు ప్రసక్తి వచ్చినపుడెల్ల దిగుమతుల భారమే వింటున్నాను. అన్వేషణ సాధనాల ఊసు అరుదు. 1964లో కాంబే సింధుశాఖను శోధించినది సోవియట్ నౌక. 1974లో బొంబాయి హై చమురు బయటపడింది. కలకత్తా మెటియాబ్రుజ్ చెంతనున్న గార్డెన్ రీచ్ కర్మాగారం నిర్మించిన ‘సంధాయక్’ 2024 ఫిబ్రవరిలో విశాఖలో నౌకాదళంలో చేరింది. అది కొలిచేది సముద్రపు లోతును. చమురు జాడకు అంతకన్న అడుగున, శిలల పొరలనుండి మరలివచ్చే ప్రతిధ్వనులతో పటం గీయాలి. పటమే చమురు కాదు, బావి తవ్వితేగాని నిజం తేలదు. కాని కృష్ణా-గోదావరి లోతునీటిలో గురితప్పిన ఒక్క బావి మూల్యం అపారం. లోతు కొలిచే నౌకను కట్టిన చేతులకే సైస్మిక్ సర్వే నౌకనూ అప్పగించడం వివేకమని నా అభిప్రాయం.