దీపం కింద పేరు

2023లో ఆర్నెల్లు మ్యూనిక్‌లో ఆన్‌సైట్ చేశాను (ఆన్‌సైట్ కష్టాలు మీకు తెలియనివి కావు కాబట్టి ఆ సోది వదిలేస్తున్నా). రోజూ నేను దిగే మెట్రో స్టేషన్ పేరు వెస్ట్‌ఫ్రీడ్‌హోఫ్. అర్థం ఏమిటని అడిగితే "పడమటి శ్మశానం" అన్నారు. రోజూ పొద్దున్నే శ్మశానంలో దిగి ఆఫీసుకి పోవడం... సర్వీసు కంపెనీ ఉద్యోగికి ఇంతకన్నా తగిన స్టేషన్ ఇంకేం ఉంటుంది :)

కానీ స్టేషన్ మాత్రం అద్భుతం. గోడలు నున్నగా ఉండవు, కొండని తొలిచి వదిలేసినట్టు గరుకుగా ఉంటాయి. ప్లాట్‌ఫామ్ పైన వరసగా పదకొండు పెద్ద పెద్ద గుండ్రటి దీపాలు, ఒక్కోటి 3.8 మీటర్ల వెడల్పు. వాటి లోపల్నుంచి నీలం, ఎరుపు, పసుపు వెలుగులు కిందకి దిగుతుంటాయి. ఆ వెలుగులో నిలబడితే మేనేజరు మెయిల్ కూడా కాస్త ప్రశాంతంగా కనిపించేది. ఇవి ఎవరు చేశారని మా టీములో జర్మన్ సహోద్యోగిని అడిగాను. "ఇంగో మౌరర్" అన్నాడు తడుముకోకుండా.

ఆ తడుముకోకపోవడం గురించే ఈ టపా.

ముందు ఈయన సంగతి చెప్పాలి. మౌరర్ 1932లో రైఖెనావ్ అనే చిన్న దీవిలో పుట్టాడు. తండ్రి చేపలు పట్టేవాడు. ఈయన మొదట నేర్చుకున్నది అచ్చుపని, అంటే టైపోగ్రఫీ. తర్వాత మ్యూనిక్‌లో గ్రాఫిక్ డిజైన్ చదివాడు. 1960లో అమెరికా వెళ్ళి, మూడేళ్ళు ఫ్రీలాన్సు పనులు చేసుకుని తిరిగొచ్చేశాడు (మనవాడైతే ఈపాటికి గ్రీన్‌కార్డు లైన్లో ఉండేవాడు). దీపాల మీద డిగ్రీ ఏమీ లేదు. వెనిస్‌లో ఓ చవక లాడ్జిలో మంచం మీద పడుకుని పైకి చూస్తే షేడ్ కూడా లేని ఉత్త బల్బు వేలాడుతోందట. అందరూ షేడ్ పెట్టి దాచే ఆ బల్బే ఆయనకి అందంగా కనిపించింది. 1966లో పెద్ద బల్బు ఆకారంలో గాజు, దాని లోపల అసలు బల్బు పెట్టి ఒక దీపం చేశాడు. పేరు కూడా 'బల్బ్' అనే. న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో ఉందది.

తర్వాత చాలా చేశాడు. 1970లలో జపాను వాళ్ళ వెదురు, కాగితం విసనకర్రలతో 'ఉచివా' దీపాలు. 1984లో రెండు సన్నటి తీగలు లాగి, 12 వోల్టుల కరెంటు పంపి, చిన్న చిన్న హాలోజన్ దీపాలని ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకునే 'యాయాహో'. మన భాషలో చెప్పాలంటే ప్లగిన్ ఆర్కిటెక్చర్. 1992లో బల్బుకి బాతు ఈకల రెక్కలు పెట్టిన 'లుచెల్లీనో'. 1997లో కాగితం ముక్కలు క్లిప్పులతో వేలాడే 'త్సెట్టెల్స్'. అందులో కొన్ని కాగితాలు ఖాళీగా ఇస్తారు, కొన్నవాళ్ళు తమకి తోచింది రాసుకోవచ్చు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం దీపాలు కాదు, 1966లోనే పెట్టిన కంపెనీ. మామూలుగా డిజైనర్ బొమ్మ గీసి ఏదో ఫ్యాక్టరీకి ఇస్తాడు, రాయల్టీ తీసుకుంటాడు. ఈయన గీసింది ఈయనే తయారు చేయించాడు, ఈయనే అమ్మాడు. ఏది ఎంతకి అమ్మాలో, ఏది మొండికేసి చేస్తూనే ఉండాలో తనే తేల్చుకున్నాడు. 2019లో పోయాడు. 2022లో ఫోస్కరిని అనే ఇటలీ కంపెనీ దాన్ని చేతిలోకి తీసుకుంది. అయినా దీపాలు అమ్మేది ఇప్పటికీ ఆయన పేరుతోనే.

ఇక అసలు సంగతి. వెళ్ళేటప్పుడు ఆ సహోద్యోగికి ఇవ్వడానికి ఒక తోలు దీపం పట్టుకెళ్ళాను. కర్నూలు నుంచి బెంగళూరు వచ్చేటప్పుడు అనంతపురం దాటాక పక్కకి తిరిగి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో కొన్నది. మేకతోలుని నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే వెలుగు దూరేంత పల్చగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో చుక్కలు చుక్కలుగా తొలిచి, రంగులు నింపి, ఇనుప చట్రానికి బిగించి కుడతారు. ఒకప్పుడు తోలుబొమ్మలాట ఆడించిన కుటుంబాలే ఇప్పుడు ఈ దీపాలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

జర్మన్ మిత్రుడు దీపం వెలిగించి చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు, "ఎవరు చేశారు?"

"మా వైపు కళాకారులు."

"అంటే, పేరు?"

నాకు తెలీదు. ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగాను, గంటసేపు పని చూశాను, రెండు దీపాలు కొన్నాను. ఇంకా సిగ్గుపడాల్సిన విషయం, ఒక్కోటి 2,600 అంటే బేరమాడి 2,000కి తెచ్చాను. బేరం ఆడేంత చనువు దొరికింది కానీ పేరు అడగాలని తోచలేదు.

రెండో దీపం కర్నూల్లో మా ఇంట్లో ఉంది. దాన్ని చూసి నాయన "దీని కింద పేపరు చదివేకి కాదు గదరా" అన్నాడు. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన మా జేజి మాత్రం దాని ముందే కూర్చుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊర్లో తెర వెనక ఆముదం దీపాలు పెట్టి రాత్రంతా ఆడించేవాళ్ళంట. జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తే నిద్రపోయిన పిల్లలు కూడా లేచేవాళ్ళంట. కాసేపు చూసి "ఈ బొమ్మ కదలదేమిరా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, మౌరర్‌కీ నిమ్మలకుంట ఆయనకీ తేడా చేతిపనిలో లేదు. ఉత్త బల్బులో అందం చూసిన కన్నూ, మేకతోల్లో వెలుగు చూసిన కన్నూ ఒకటే. ఒకాయనని డిజైనర్ అంటాం, ఇంకొకాయనని హస్తకళాకారుడు అంటాం. మొదటి మాటకి ధర ఆయనే చెప్తాడు, రెండో మాటకి ధర మనం చెప్తాం.

"ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి జీఐ గుర్తింపు ఉంది కదా" అంటారేమో. ఉంది, మంచిదే. కానీ అది ప్రాంతానికి పేరు, మనిషికి కాదు. కడప బండ అంటే దేశమంతా తెలుసు. దాన్ని కొట్టినవాడి పేరు ఎవరికైనా తెలుసా?

"వాళ్ళు కూడా బ్రాండు పెట్టుకోవచ్చు కదా" అనేవాళ్ళకి కూడా ఒక మాట. మ్యూనిక్‌లో కంపెనీ పెట్టినాయనకి డబ్బున్న కొనుగోలుదారులు పక్కవీధిలోనే ఉన్నారు. నెలాఖరుకి తోలు కొనాలా బియ్యం కొనాలా అని చూసుకునేవాడికి బ్రాండింగ్ క్లాసు పీకడం మన స్టార్టప్ జబ్బు. పైగా మనకి మాత్రం ఆ ధైర్యం ఉందా? ఆరేళ్ళుగా నేను రాసిన కోడ్ ఏ ఏ దేశాల్లో నడుస్తోందో నాకే సరిగా తెలీదు. క్లయింటు గంటకి ఎంత కడతాడో తెలీదు. నా పేరు ఎక్కడా ఉండదు. అప్రైజల్ రోజున నా ధర కూడా ఇంకెవరో చెప్తారు. నిమ్మలకుంట ఆయనకి కనీసం నన్ను 2,600 అడిగే హక్కు ఉంది. దాన్ని కూడా నేను బేరమాడాను.

తిరిగొచ్చాక మళ్ళీ నిమ్మలకుంట వెళ్ళాను. తగ్గించిన 1,200 ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఇంకో దీపం కొన్నాను, అడిగిన ధరకే. అడుగున సంతకం పెట్టమంటే నవ్వి, "రాస్తే ముగ్గురివి రాయాల సార్. తొలిచేది నేను, రంగులు మా ఇంట్లో ఆమె, కుట్టేది మావాడు" అన్నాడు.

మౌరర్ 1998లో డాగ్మార్ మోంబాఖ్ అనే ఆవిడతో కలిసి కాగితం దీపాలు చేశాడు. వాటి పేరు 'మామో నూచీస్'. 'మా' అంటే మౌరర్, 'మో' అంటే మోంబాఖ్, మిగిలింది కాగితపు దీపాలకి పేరుపొందిన నొగుచి. కాగితం పని తెలిసినావిడ పేరు దీపం పేరులోనే పెట్టేశాడు. నిమ్మలకుంట ఆయనకి ఈ సంగతి చెప్తే "మంచోడే" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త దీపం అడుగున మూడు పేర్లున్నాయి. ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్తాను.

మీరేం చేయాలో చెప్పేంతటి వాడిని కాను. కానీ ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు చేత్తో చేసిన వస్తువు ఏదైనా కొంటే, ధర కన్నా ముందు పేరు అడిగి చూడండి. పేరు తెలిశాక బేరమాడటం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. కాదంటారా?